గేటుకు అటు విదేశం, ఇటు స్వదేశం

ప్రాంతీయ ఆర్థిక కూటమిలో చేరితే దేశానికి లాభమా, నష్టమా? బ్యాంకాక్ సదస్సుల్లో తేలని ఈ లెక్క దువ్వాడలో తేలుతుంది.

దువ్వాడలోని విశాఖపట్నం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) గేటు దగ్గర కాసేపు నిలబడితే దేశ సరిహద్దు చూసినట్టే ఉంటుంది. లోపలున్న 360 ఎకరాలూ మన నేలే. గాజువాక నుంచి, అగనంపూడి నుంచి, అనకాపల్లి నుంచి పొద్దున్నే ఆటోల్లో, కంపెనీ బస్సుల్లో వచ్చి షిఫ్టు ఎక్కేవాళ్లూ మనవాళ్లే. కస్టమ్స్ లెక్కలో మాత్రం అది పరాయి గడ్డ. లోపల తయారైన సరకు లారీకెక్కి పక్కనే ఉన్న గాజువాక దుకాణానికి రావాలంటే, ఓడ మీద వచ్చిన విదేశీ సరకుకు లాగే దానికీ బిల్ ఆఫ్ ఎంట్రీ వెయ్యాలి, దిగుమతి సుంకం కట్టాలి. 2005 నాటి సెజ్ చట్టం 30వ సెక్షన్ పెట్టిన నియమం ఇది.

అసలు చిక్కు దీని తర్వాతే. ఏదో ఒక వస్తువు మీద మన దేశంలో మామూలు దిగుమతి సుంకం 10 శాతం అనుకుందాం. అదే వస్తువు థాయిలాండ్‌లో తయారై, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకున్న ఒప్పందం జాబితాలో ఉంటే సున్నా సుంకంతో విశాఖ రేవులో దిగుతుంది. దక్షిణ కొరియాలో తయారైనా చాలా సరకులది అదే దారి. దువ్వాడలో తయారైతే మాత్రం 10 శాతం కట్టాల్సిందే. ఎందుకంటే దువ్వాడ సెజ్ కస్టమ్స్ దృష్టిలో విదేశమే గానీ, మనతో ఒప్పందం చేసుకున్న విదేశం కాదు. సంతకం పెట్టిన పరాయి దేశానికి దక్కిన మర్యాద సొంత గడ్డ మీది ఫ్యాక్టరీకి దక్కలేదన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే ఈ నియమం వెనక కారణం లేకపోలేదు. సెజ్ యూనిట్లు యంత్రాలనూ ముడిసరకునూ సుంకం లేకుండా తెచ్చుకుంటాయి. ఎగుమతి చేస్తామనే మాట మీద ఇచ్చిన రాయితీ అది. అలా తెచ్చుకున్న ముడిసరకుతో చేసిన వస్తువును లోకల్ మార్కెట్లో అమ్మితే, గేటు బయట అన్ని పన్నులూ కట్టి తయారుచేసేవాడు దెబ్బతింటాడు. అందుకే వాడుకున్న ముడిసరకు మీద మినహాయించిన సుంకాన్ని వసూలు చేసి వదిలేయండని సెజ్ యూనిట్లు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. 2022 బడ్జెట్‌లో సెజ్ చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని కేంద్రం చెప్పింది. ఆ బిల్లు చట్టం రూపం దాల్చలేదు.

ఒక దేశం ప్రాంతీయ కూటమిలో చేరడమంటే ఏమిటో చెప్పడానికి ఈ గేటు కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. సరిహద్దు ఎక్కడ తెరుచుకుంది, ఎవరికి తెరుచుకుంది, ఎవరికి మూసే ఉంది అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు. లాభనష్టాల లెక్క వాటి వెంట వస్తుంది.

మెట్లు నాలుగు, మనం మొదటి దాని మీద

దేశాల కలయికలో మెట్లున్నాయి. మొదటిది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. ఇందులో సభ్యదేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకుంటాయి, బయటివాళ్ల మీద ఎవరి సుంకం వాళ్లది. రెండోది కస్టమ్స్ కూటమి, అంటే బయటివాళ్ల మీద కూడా అందరిదీ ఒకే సుంకం. మూడోది ఉమ్మడి మార్కెట్. సరకుతో పాటు మనుషులూ పెట్టుబడీ అడ్డు లేకుండా తిరుగుతారు. ఆపైన ఉమ్మడి విధానాలు, ఉమ్మడి కరెన్సీ దాకా వెళ్లేది ఆర్థిక సమాఖ్య. ఐరోపా సమాఖ్య ఈ నాలుగు మెట్లూ ఎక్కింది. భారతదేశం పొరుగు దేశాలతో మొదటి మెట్టు దాటి వెళ్లలేదు. శ్రీలంకతో ఒప్పందం 2000 నుంచి, సార్క్ దేశాలతో 2006 నుంచి, ఆసియాన్‌తోనూ కొరియాతోనూ 2010 జనవరి 1 నుంచి, జపాన్‌తో 2011 ఆగస్టు నుంచి అమలవుతున్నాయి. ఇంకా పెద్దదైన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం (ఆర్‌సెప్) కూటమి చర్చల్లో ఏళ్లపాటు కూర్చుని, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం లేచి వచ్చేసింది.

కూటమి మంచిదా చెడ్డదా అనే చర్చకు పునాది వేసినవాడు జాకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త. కస్టమ్స్ కూటముల మీద 1950లో రాసిన పుస్తకంలో ఆయన రెండు సంగతులను విడదీసి చూపించాడు. సుంకం పోవడం వల్ల ఖరీదైన ఇంటి సరకు స్థానంలో చవకైన పొరుగు సరకు వస్తే అందరికీ మేలు. అలా కాక, కూటమి బయట ఉన్న అసలైన చవక ఉత్పత్తిదారుణ్ని వదిలేసి, సుంకం మినహాయింపు ఉందన్న ఒక్క కారణంతో కూటమిలోని ఖరీదైనవాడి దగ్గర కొంటే నష్టం. కాగితం మీద ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రేవులో దిగే కంటెయినర్‌ని చూసి అది ఏ రకమో చెప్పడమే కష్టం.

రంగం వెళ్లినవాళ్లు

ఉత్తరాంధ్రకు ఆర్థిక సమాఖ్య కొత్త అనుభవం కాదు. మన తాతముత్తాతలు అందులో బతికారు. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే రంగూన్‌లో దిగొచ్చు. వీసా లేదు, సుంకం లేదు, నాణెమూ ఒకటే. రంగూన్‌ను మనవాళ్లు రంగం అన్నారు. వరికోతలకూ, బియ్యం మిల్లుల్లో పనికీ, రేవులో మూటలు మోయడానికీ వేలకు వేలమంది రంగం వెళ్లారు. రంగూన్ రేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. అక్కడినుంచి వచ్చిన మనియార్డర్లతో ఈ తీరంలో ఎన్నో కుటుంబాలు పొలం కొన్నాయి, ఇల్లు కట్టుకున్నాయి. మనుషులు స్వేచ్ఛగా తిరిగే ఉమ్మడి మార్కెట్ వల్ల కలిగే లాభం ఇదే. వానలు లేని ఏడాది శ్రీకాకుళం మనిషిని రంగం బతికించింది.

నష్టమూ ఆ ఊళ్లోనే బయటపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మీయుల్ని పొమ్మన్నారు. అప్పుడు రేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సమాఖ్య మొత్తంగా చూస్తే లాభసాటిగానే నడిచింది. ఒకే రేవులో ఒకే కూలి కోసం పోటీపడ్డ ఇద్దరు పేదవాళ్ల మధ్య మాత్రం అది కత్తులు దూయించింది. జీతం నిర్ణయించినవాడికి ఏమీ కాలేదు.

ఇవతలి ఒడ్డున ఇంకో కథ. 1930ల మాంద్యంలో చవక బియ్యం దిగుమతుల వల్ల ధాన్యం ధర పడిపోయిందని మద్రాసు రాష్ట్రంలో రైతులు మొరపెట్టుకున్నారు. 1935లో ప్రభుత్వం విదేశీ నూకల మీద సుంకం వేసింది. బర్మా అప్పటికింకా విదేశం కాదు కనుక అక్కడి బియ్యానికి అది తగల్లేదు. కూలికి రంగం వెళ్లినవాడు సమాఖ్యను దీవించాడు, ఇక్కడ వరి పండించినవాడు తిట్టుకున్నాడు. ఇద్దరూ ఒక ఊరివాళ్లే, ఒక్కోసారి ఒక ఇంటివాళ్లే.

బర్మా విడిపోయాక 1941లో వలసల మీద ఆంక్షల ఒప్పందం జరిగింది. మరుసటి ఏడాదే జపాన్ దాడితో లక్షలమంది భారతీయులు కాలినడకన కొండలు దాటి రావాల్సి వచ్చింది. మిగిలినవాళ్లు 1960ల్లో అక్కడి నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు తిరిగొచ్చారు. వాళ్లకోసం వెలిసిన బర్మా క్యాంపు ఇప్పటికీ విశాఖలో కంచరపాలెం పక్కన ఆ పేరుతోనే ఉంది. కూటమిలో చేరేటప్పుడు వేసే లెక్కల్లో, కూటమి విడిపోతే ఎవరు రోడ్డున పడతారన్న అంకె ఎక్కడా ఉండదు. బ్రిటన్ కూడా 2016లో 52 శాతం ఓటుతో ఐరోపా సమాఖ్యను వదలాలని నిర్ణయించుకుని, బయటపడటానికి 2020 జనవరి 31 దాకా తంటాలు పడింది.

మన ఖనిజం, వాళ్ల ఉక్కు

ఇక దువ్వాడకు అసలు ఊపిరి అయిన ఉక్కు సంగతి. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. అనంతగిరి సొరంగాలు, అరకు లోయ దాటుకుంటూ వచ్చే ఆ ఖనిజం రైళ్లను ఇప్పుడు అద్దాల బోగీలో కూర్చున్న పర్యాటకులు కిటికీలోంచి చూస్తుంటారు. ఆ ఖనిజం విశాఖ రేవు నుంచి దశాబ్దాలుగా జపాన్‌కు వెళ్లింది, తర్వాత కొరియాలోని పోస్కో ఉక్కు సంస్థకూ వెళ్లింది. దీర్ఘకాలిక ఒప్పందాల మీద, ప్రభుత్వ సంస్థల చేతుల మీదుగానే ఈ ఎగుమతి సాగింది.

అదే విశాఖలో, 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం తర్వాత, విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 64 గ్రామాలు భూములిచ్చాయి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. పేర్లైతే పెట్టుకున్నాం, వాటికి ముద్ద పెట్టే సొంత ఇనుప గని మాత్రం ఇయ్యలేదు. పక్క కొండల్లోని ఖనిజాన్ని విశాఖ ఉక్కు మార్కెట్ ధరకు కొనుక్కుంటోంది. సొంత గనులున్న కంపెనీలతో పోటీపడుతూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది.

ఈ పరిస్థితిలో కొరియా ఒప్పందం, జపాన్ ఒప్పందం వచ్చాయి. ఆ రెండు దేశాల ఉక్కు మీద సుంకం మెట్లుమెట్లుగా తగ్గి సున్నాకు చేరింది. 2024-25లో మన దేశం సుమారు 95 లక్షల టన్నుల తయారీ ఉక్కును దిగుమతి చేసుకుంది. చేసిన ఎగుమతి అందులో సగం. దిగుమతిలో అత్యధిక భాగం కొరియా, చైనా, జపాన్‌ల నుంచే. ప్రపంచంలో ఉక్కు తయారీలో రెండో స్థానంలో ఉన్న దేశం అమ్మేదానికన్నా ఎక్కువ కొంటోందని తెలిశాక, 2025 ఏప్రిల్‌లో కేంద్రం 200 రోజులపాటు 12 శాతం రక్షణ సుంకం వేసింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. విశాఖ ఉక్కు కష్టాలన్నిటికీ కొరియా ఉక్కే కారణమని కొందరు ఉపన్యాసాల్లో చెప్తుంటారు. అది సరికాదు. అక్కడినుంచి ఎక్కువగా దిగేది షీటు, కాయిల్ రకం. కార్లకూ, ఫ్రిజ్‌లకూ, పైపులకూ వాడతారు. 2025 రక్షణ సుంకం కూడా ఆ రకానికే. విశాఖలో తయారయ్యేది ఇళ్లకూ వంతెనలకూ వాడే ఊచలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. పోటీ దెబ్బ నేరుగా తగిలేది దేశంలోని కాయిల్ మిల్లులకు. విశాఖను కుంగదీసినవి సొంత గని లేకపోవడం, విస్తరణకు తెచ్చిన అప్పుల మీద వడ్డీ, కాలం గడిచాక తీసుకున్న నిర్ణయాలు. ఢిల్లీలో సరిచేయాల్సిన తప్పును సియోల్ మీదకు తోస్తే ఢిల్లీ తప్పించుకుంటుంది. 2021 జనవరి 27న వంద శాతం ప్రైవేటీకరణకు కేబినెట్ కమిటీ ఒప్పుకోవడం, కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల శిబిరం వెలవడం, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ రావడం అన్నీ చూశాం. ప్యాకేజీలో సొంత గని లేదు.

ఒప్పందాల వల్ల ఇదే కర్మాగారానికి కలిసొచ్చింది కూడా ఉంది. బ్లాస్ట్ ఫర్నేసుకు కావలసిన కోకింగ్ కోల్ మన దేశంలో తగినంత దొరకదు. ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో గంగవరం రేవుకు వచ్చి, అక్కడినుంచి కన్వేయర్ బెల్టు మీద ప్లాంటుకు చేరుతుంది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో ఆ బొగ్గు మీదున్న 2.5 శాతం సుంకం ఎగిరిపోయింది. ఏటా లక్షల టన్నులు కొనే చోట అది చిన్న మొత్తం కాదు. ఒక ఒప్పందం బొగ్గును చవక చేసింది, ఇంకో ఒప్పందం ఉక్కుకు పోటీ తెచ్చింది. ఒప్పందాలన్నీ చెడ్డవనేవాళ్లూ, అన్నీ మంచివనేవాళ్లూ గంగవరం కన్వేయర్ పక్కన నిలబడి ఒక పూట ఆలోచించాలి.

మిరియాల దారి

అరకు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ వేసి, ఆ చెట్ల మీదకే మిరియాల తీగ పాకిస్తారు. కాఫీ ధర పడిన ఏడాది మిరియాలు ఆదుకుంటాయి. ఆసియాన్ ఒప్పందం రాసుకున్నప్పుడు కాఫీ, టీ, మిరియాలు, పామాయిల్ సున్నితమైన సరకులని మన ప్రభుత్వం పట్టుబట్టి ప్రత్యేక జాబితాలో పెట్టించింది. కాఫీ మీద సుంకం 100 శాతం నుంచి 45కు, మిరియాల మీద 70 నుంచి 50కి దశలవారీగా తగ్గేట్టు ఒప్పుకుంది. ఈ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే. 2009లో ఈ ఒప్పందానికి వ్యతిరేకంగా కేరళలో వామపక్షాలు అక్టోబరు 2న మానవహారం కట్టాయి. మిరియాలు పండించే మన కొండల్లో ఆ వార్త చేరిన దాఖలా లేదు.

ఒక తలుపు సగం మూస్తే సరకు ఇంకో తలుపు వెతుక్కుంటుంది. శ్రీలంక మిరియాలకు మన దేశంలోకి సుంకం రాయితీ ఉంది. వియత్నాం మిరియాలు శ్రీలంకకు చేరి, అక్కడి సరకుగా పేరు మార్చుకుని ఇక్కడ దిగుతున్నాయని రైతులూ వ్యాపారులూ గోల పెట్టారు. చివరికి 2017 డిసెంబరులో కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టారు. సరకు నిజంగా ఎక్కడ పుట్టిందో దిగుమతిదారే రుజువు చూపాలని 2020 సెప్టెంబరు నుంచి కస్టమ్స్ నిబంధనలు బిగించారు. ఏ కూటమిలోనైనా ఆయువుపట్టు ఈ పుట్టుక ధ్రువపత్రమే. అది గట్టిగా లేకపోతే మనం ఒక దేశంతో చేసుకున్న ఒప్పందం లోకమంతటితో చేసుకున్నట్టే.

గోదావరి జిల్లాల్లో పామాయిల్ రైతుది ఇదే కోవ. గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది, ముడి పామాయిల్ ధర ఢిల్లీ వేసే సుంకంతో. 2024 సెప్టెంబరులో సుంకం పెంచారు, 2025 మే చివర్లో మళ్లీ తగ్గించారు. వంటనూనె కొనే ఇల్లాలికి తగ్గింపు కావాలి, పెదవేగి రైతుకు పెంపు కావాలి. ఇద్దరి మాటా న్యాయమే. ఏ ప్రభుత్వానికైనా ఇది కష్టమైన లెక్కే. అయితే చెట్టు వేసి కాపుకు నాలుగేళ్లు ఆగాల్సిన రైతును ఎనిమిది నెలలకోసారి మారే సుంకానికి వదిలేయకూడదు.

లేచి రావడం చాలదు

2019లో ఆర్‌సెప్ నుంచి బయటికి రావడం అప్పటికి సరైన పనే. న్యూజిలాండ్ పాలపొడి దిగితే విశాఖ డెయిరీకి పాలు పోసే రైతు గతేమిటన్న భయం ఉత్తిది కాదు. సుంకాల తగ్గింపుకు 2014ను ప్రాతిపదికగా తీసుకోవద్దని, 2019ని తీసుకోవాలని, దిగుమతులు ఉప్పొంగితే సుంకం దానంతటదే లేచే ఏర్పాటు ఉండాలని మనవాళ్లు అడిగారు. ఒప్పుకోలేదు. ఆ కూటమి దేశాలతో మన వాణిజ్య లోటు అప్పటికే పది వేల కోట్ల డాలర్లు దాటింది. అందులో సగం చైనాది.

కానీ బయట ఉన్నందువల్ల లోటు ఆగిందా? చైనా ఒక్కదానితోనే 2024-25లో లోటు 9,900 కోట్ల డాలర్లకు చేరింది. సంతకం పెట్టినా పెట్టకపోయినా, ఇక్కడ తయారీకి ఖర్చెక్కువైతే సరకు వచ్చి పడుతూనే ఉంటుంది. బయట ఉన్నవాళ్లకు ఇంకో నష్టమూ ఉంది. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ నడిపే దుస్తుల పార్కులో మన పల్లెల నుంచి వచ్చిన వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. వాళ్లు కుట్టిన చొక్కా ఐరోపాకు వెళ్తే సుంకం పడుతూ వచ్చింది. బంగ్లాదేశ్‌లో కుట్టిన చొక్కాకు ఆ సుంకం లేదు. రొయ్యల సంగతీ అంతే. ఐరోపా మార్కెట్లో మనకు పోటీ అయిన ఈక్వెడార్ 2017లో, వియత్నాం 2020లో అక్కడ ఒప్పందాలతో ముందుకెళ్లాయి. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 ఆగస్టులో అమెరికా భారత సరకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చెరువుల దాకా తెలిసొచ్చింది.

బ్యాంకాక్‌లో ఆర్‌సెప్‌కు వద్దన్న మూడు రోజులకే, 2019 నవంబరు 7, 8 తేదీల్లో, బంగాళాఖాతం చుట్టూ ఉన్న బిమ్‌స్టెక్ దేశాల రేవుల సదస్సు విశాఖలో జరిగింది. థాయిలాండ్‌లోని రనోంగ్ రేవుతో విశాఖ రేవు అవగాహన ఒప్పందం రాసుకుంది. మన తీరానికి సహజంగా సరిపోయే కూటమి ఇదే. రంగం స్టీమర్లు నడిచిన సముద్రమే ఇది. ఈ దేశాల స్వేచ్ఛా వాణిజ్యానికి ప్రాథమిక ఒప్పందం 2004లోనే కుదిరింది. ఇరవై ఏళ్లు దాటినా చర్చలు ఓ కొలిక్కి రాలేదు.

ఓడినవాడికి ఏమిచ్చారు?

ఐరోపా సమాఖ్య ఉక్కుతోనే మొదలైంది. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి బొగ్గు, ఉక్కు కూటమి కట్టాయి. ఆ ఒప్పందంలో మనం పట్టించుకోని ఒక ఏర్పాటు ఉంది. గనులో, మిల్లులో మూతపడితే కార్మికుడికి భృతి ఇవ్వడానికి, కొత్త పని నేర్పడానికి కూటమే డబ్బు పెట్టేట్టు రాసుకున్నారు. గనులు మూతపడలేదా అంటే పడ్డాయి. కానీ మూతపడుతుందని ముందే ఒప్పుకుని, దానికి డబ్బు పక్కన పెట్టి సంతకం చేశారు. అమెరికాలో కూడా దిగుమతుల వల్ల ఉపాధి పోయినవాళ్లకు సాయం చేసే చట్టం 1962లోనే వచ్చింది.

మనకు ఆ తెలివి లేదనడానికి వీల్లేదు. 2017 జులై 1న జీఎస్టీతో దేశమంతా ఒకే మార్కెట్ అయింది. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో పన్ను కాగితాల కోసం బారులు తీరిన లారీలు కదిలాయి. నిజానికి మనం చేరిన అతిపెద్ద ఆర్థిక సమాఖ్య అదే. ఆదాయం పోతుందని రాష్ట్రాలు భయపడితే, ఐదేళ్లపాటు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన నష్టపరిహారం ఇస్తామని కేంద్రం చట్టం చేసి ఇచ్చింది. రాష్ట్ర ఖజానాకు వచ్చిన నష్టానికి అలా పరిహారం దక్కింది. ఆసియాన్ ఒప్పందం వల్ల నష్టపోయిన మిరియాల రైతుకు, మూతపడిన యూనిట్ కార్మికుడికి ఏ చట్టంలోనూ పైసా లేదు. ఆసియాన్‌తో మన వాణిజ్య లోటు 2010-11లో సుమారు 500 కోట్ల డాలర్లు, 2022-23 నాటికి 4,300 కోట్లు దాటింది. ఇంత పెద్ద మార్పు ఎవరి బతుకు మీద పడిందో లెక్క తీసినవాళ్లు లేరు.

ఇంకో లోపం మన పద్ధతిలోనే ఉంది. విదేశాలతో ఒప్పందాలు కేంద్రం చేతిలో పని. పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా, పంటల మీద విదేశానికి మాటిచ్చేటప్పుడు రాష్ట్రాన్ని అడగాలన్న నియమం లేదు. సంతకం అయ్యాక పత్రికల్లో చదివి తెలుసుకుంటున్నాం. అమెరికా, ఐరోపాల్లో సాధారణంగా చట్టసభ ఒప్పుకోకుండా ఇలాంటి ఒప్పందం అమలు కాదు.

నా అభిప్రాయం దాచుకోను. కూటముల్లో చేరాలి. ఓడలు నడిచే ఊరు ప్రపంచానికి వీపు పెట్టి బతకలేదు. దువ్వాడ సెజ్, అచ్యుతాపురం, గంగవరం ఇవేవీ తలుపులు మూసుకున్న దేశంలో నిలబడవు. అయితే ఇంటి చిక్కులు విప్పుకోకుండా చేరితే ఆ లాభం మనది కాదు. సొంత కర్మాగారానికి గని ఇవ్వకుండా కొరియా ఉక్కును సున్నా సుంకంతో రానివ్వడం, సొంత సెజ్ సరకు మీద పూర్తి సుంకం వేసి థాయి సరకును ఊరికే వదిలేయడం, నష్టపోయేవాడికి రూపాయి కేటాయించకుండా సంతకం పెట్టడం పొరపాట్లు. వీటిని దిద్దుకోవడానికి ఏ పరాయి దేశం అనుమతీ అక్కర్లేదు.

ఆసియాన్ ఒప్పందాన్ని తిరగరాయాలని 2023లో రెండు పక్షాలూ నిర్ణయించుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది సభ్యులున్నారు. వాళ్లను మనం అడగాల్సినవి ఈ మూడే: కొత్త ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే సభలో పెట్టించాలి, దిగుమతుల వల్ల దెబ్బతినే రైతులకూ కార్మికులకూ జీఎస్టీ పరిహారంలా చట్టబద్ధమైన నిధి పెట్టించాలి, మన ఒప్పంద దేశాల సరకు మీద వేసే సుంకం కన్నా దువ్వాడ సరకు మీద ఎక్కువ వేయకూడదని సెజ్ చట్టం 30వ సెక్షన్‌లో ఒక్క వాక్యం చేర్పించాలి. మీ ఎంపీ ఈసారి గాజువాక వచ్చినప్పుడు ఈ మూడూ అడగండి.